గోడ మీది చక్రాల కుర్చీ

కడప జిల్లా కమలాపురం బస్టాండులో ఆగిన పల్లెవెలుగు బస్సును ఒకసారి నడవలేని మనిషి చూసినట్టు చూడాలి. లోపల ముందు వైపు ఒక సీటు పైన ‘వికలాంగులు’ అని రాసి ఉంటుంది. కొన్ని బస్సుల్లో ఆ మాట పక్కనే చక్రాల కుర్చీ బొమ్మ కూడా ఉంటుంది. ఆ సీటు దగ్గరికి చేరాలంటే మోకాలెత్తున ఉన్న మొదటి మెట్టెక్కాలి, కడ్డీ పట్టుకుని మిగతా మెట్లూ ఎక్కాలి. నిజంగా కుర్చీలో ఉన్న మనిషి తన బొమ్మను చూసుకోవాలంటే ఎవరో ఒకరు రెండు చేతులా ఎత్తి లోపల కూర్చోబెట్టాలి. బొమ్మకు బస్సులో చోటు దొరికింది, మనిషి ఇంకా కిందే ఉన్నాడు.

ఏటా డిసెంబర్ 3 దగ్గరపడగానే బడుల్లో చిత్రలేఖనం పోటీలు పెడతారు. ఆ రోజును వికలాంగుల దినోత్సవంగా ఐక్యరాజ్య సమితి 1992లో ప్రకటించింది. పోటీకి వచ్చిన బొమ్మలను వరుసగా పరిస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. మధ్యలో చక్రాల కుర్చీ, అందులో ఒక పిల్లవాడు, వెనక నిలబడి తోస్తున్న స్నేహితుడు, చుట్టూ చేతులు కలుపుకున్న పిల్లలు, పైన ఇంద్రధనుస్సు. బడి ప్రహరీకి రంగులు వేయించినప్పుడు గోడకెక్కేదీ అదే బొమ్మ. మంచి మనసుతో వేసిందే, సందేహం లేదు. కానీ అందులో మన ఊరు కనపడదు. మన వీధుల్లో తిరిగేది ఆసుపత్రి కుర్చీ కాదు, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి. అదనంగా రెండు చక్రాలు బిగించుకున్న స్కూటీ ఉంటుంది. చంక కర్రలుంటాయి. పోలియో వచ్చి, మోకాలి మీద అరచెయ్యి అదిమి అడుగు తీసి అడుగు వేసే నడివయసు వాళ్లుంటారు. దేశంలో చివరి సహజ (వైల్డ్) పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది కాబట్టి ఆ నడక ఆ తరంతోనే ముగుస్తుంది. మనవరాలి భుజం మీద చెయ్యేసి దర్గాకు నడిచే చూపులేని అవ్వ ఉంటుంది. వీళ్లెవరూ గోడ మీదికి రాలేదు. పిల్లలు వీధిలో చూసింది వదిలేసి పుస్తకంలో ఉన్నది దించారు.

ఇంకో సంగతి గమనించండి. ఆ బొమ్మలో కుర్చీ పిల్లవాణ్ణి ఎప్పుడూ ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు. మూడు చక్రాల బండి మనిషి తన బండిని తానే తిప్పుకుంటాడు, ఎండలో కూరగాయల సంచి కూడా మోసుకుపోతాడు. ఈ రెండు బొమ్మల మధ్య తేడా చిన్నది కాదు. మొదటిది చూసినవాడికి సాయం చేయాలనిపిస్తుంది. రెండోది చూసినవాడికి ఈ రోడ్డెందుకు ఇట్లా ఉందన్న ప్రశ్న పుడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటే. వికలాంగులను సమాజంలో కలుపుకోవాలని బొమ్మ వేసేటప్పుడు, ముందు ఆ బొమ్మ వేసే పనిలో వాళ్లను కలుపుకోవాలి. ఏం గీయాలో నిర్ణయించే చోట, రంగు పూసే చోట, బహుమతి ఎవరికో తేల్చే చోట, కూలి పంచే చోట వాళ్లుండాలి. వాళ్లు లేకుండా వేసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది మన మంచితనాన్ని మనకే చూపించుకునే అద్దం.

బస్సులో ఉన్న ఆ గుర్తు కథే చూద్దాం. సుసానె కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని 1968లో స్వీడన్‌లో జరిగిన డిజైన్ శిబిరంలో దాన్ని గీసింది. ఆమె గీతల్లో ఉన్నది ఖాళీ కుర్చీ మాత్రమే. మరుసటి ఏడాది కార్ల్ మోంటాన్ అనే ఆయన దాని మీద గుండ్రని తల చేర్చాక అది మనిషయింది. అదే బొమ్మ దశాబ్దాల పాటు ప్రపంచమంతా తిరిగింది. 2010 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో సారా హెండ్రెన్, బ్రయన్ గ్లెన్నీ అనే ఇద్దరు పాత బోర్డుల మీద కొత్త బొమ్మ స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టారు. అందులో మనిషి ముందుకు వంగి, తన చేతులతో చక్రాలు తోసుకుంటూ పోతుంటాడు. న్యూయార్క్ రాష్ట్రం 2014లో చట్టం చేసి మరీ దాన్ని స్వీకరించింది. దాని మీదా వికలాంగుల నుంచే అభ్యంతరాలు వచ్చాయి. చేతులు కూడా ఆడని వాళ్ల సంగతేమిటి, చురుగ్గా కనబడితేనే గౌరవమా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. బొమ్మలో ఉన్నవాళ్లు ఆ బొమ్మ గురించి వాదించగలిగారు, నేను గొప్ప అనుకునేది అదే. మన ఊరి గోడ మీద బొమ్మ గురించి మన ఊరి వికలాంగుణ్ణి ఇప్పటిదాకా ఎవరడిగారు?

తరవాత అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్‌కు 1921లో జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి. పన్నెండేళ్లు దేశాన్ని ఏలిన ఆ మనిషికి వాషింగ్టన్‌లో స్మారకం కట్టి 1997లో తెరిచినప్పుడు, ఆయన కూర్చున్న విగ్రహం మీద పెద్ద శాలువా లాంటి వస్త్రాన్ని పరిచినట్టు చెక్కారు. కుర్చీ చక్రాలు కనీకనపడకుండా దాని మాటున ఉండిపోయాయి. వికలాంగుల సంఘాలు ఊరుకోలేదు. ఆందోళన చేశాయి, చందాలు పోగుచేశాయి. 2001 జనవరిలో స్మారకం మొదట్లోనే చక్రాల కుర్చీలో కూర్చున్న రూజ్‌వెల్ట్ కంచు విగ్రహం వెలిసింది. ఎత్తు దిమ్మె లేకుండా నేల మీదే పెట్టారు, పిల్లలూ కుర్చీలో వచ్చినవాళ్లూ చెయ్యి చాచి తాకవచ్చు. అదే స్మారకంలో మరో పొరపాటు కూడా జరిగింది. కంచు పలకల మీద పెట్టిన బ్రెయిలీ చుక్కలు మరీ పెద్దవి, చూపులేనివాళ్ల వేళ్లకు అక్షరాలుగా అందలేదు. అవి చూపున్నవాళ్లకు బ్రెయిలీలా కనిపించాయి, చదవవలసిన వాళ్లకు గతుకుల్లా తగిలాయి. వేసేముందు ఒక్కరి చేత తడిమించి ఉంటే సరిపోయేది.

మన సినిమా దగ్గరికి వద్దాం. తెలుగువాళ్లకు చిత్రకళ, వైకల్యం ఒక్కచోట గుర్తొచ్చే సినిమా ‘సిరివెన్నెల’. 1986లో కె.విశ్వనాథ్ తీసిన ఆ చిత్రంలో వేణువు వాయించేవాడికి చూపు లేదు, బొమ్మలు గీసే అమ్మాయికి మాట లేదు. దానికి కొంచెం ముందే సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ తీశారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కృత్రిమ కాలితో నాట్యం చేసిన సుధా చంద్రన్, అందులో తన కథను తానే నటించింది. నలభై ఏళ్ల కిందట తెలుగు తెర అంత సాహసం చేసింది. తరవాత ‘ఊపిరి’, ‘రాజా ది గ్రేట్’, ‘రంగస్థలం’ వచ్చాయి. కథానాయకుడిగా వికలాంగుణ్ణి నిలబెట్టిన చిత్రాలు కనుక వాటిని తక్కువ చేయను. ‘రంగస్థలం’లో వినికిడి తక్కువైన చిట్టిబాబును ఆ ఊరు ఊరివాడిగానే చూసుకున్న తీరు నాకెంతో నచ్చింది. అయినా ఆ పాత్రలు వేసింది చూపూ వినికిడీ నడకా ఉన్న పెద్ద నటులే. ‘మయూరి’ వేసిన దారి వెనక నడిచినవాళ్లు అరుదు. మరోపక్క మన హాస్యం ఏళ్ల తరబడి నత్తి మీద, చెవుడు మీద, మెల్లకన్ను మీద బతికింది.

సుప్రీంకోర్టు 2024 జులై 8న నిపుణ్ మల్హోత్రా కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని సూటిగా పట్టుకుంది. వికలాంగులను అపోహల ఆధారంగా వెక్కిరించడమూ తప్పే, మామూలు మనుషులకు సాధ్యంకాని ఘనకార్యాలు చేసేవాళ్లుగా ఆకాశానికెత్తడమూ తప్పేనని చెప్పింది. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లను సంప్రదించాలని, పనిలో భాగం చేయాలని సూచించింది. మనకు ఈ రెండు తప్పులూ అలవాటే. జాలి బొమ్మ వేస్తాం, లేకపోతే ఎవరెస్టు ఎక్కిన బొమ్మ వేస్తాం. పొద్దున లేచి పాలు పోయించుకుని, పిల్లల్ని బడికి పంపి, అంగడి తెరిచి కూర్చునే వికలాంగుడి బొమ్మ మాత్రం వేయం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చూపు ఎంత మందమో సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆయన్ను తెలుగువాళ్లు ఫిడేలు నాయుడుగారనే తలచుకున్నారు. మనిషిని పని పేరుతో పిలవడం మనకు చేతకానిది కాదు.

కానీ పల్లెల్లో అట్లా పిలవం. కుంటి సుబ్బడు, గుడ్డి ఓబులేసు, మూగ మస్తాను. ఇంటిపేరు పోయి అవయవం పేరు మిగులుతుంది. కుంటిసాకు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం, మన నుడికారమంతా ఇట్లానే నిండి ఉంది. ప్రభుత్వాలు ఆ మాటలను మాన్పించాలనే పేర్లు మారుస్తూ వచ్చాయి. వికలాంగులు పోయి విభిన్న ప్రతిభావంతులు వచ్చారు, 2015 చివర్లో ప్రధాని నోట పుట్టిన మాటతో దివ్యాంగులయ్యారు. హక్కుల కోసం కొట్లాడిన సంఘాల్లో చాలామంది మాత్రం వికలాంగులన్న మాటనే పట్టుకున్నారు. నేనూ అదే రాస్తున్నాను. దివ్యమైన అవయవం ఏదీ తమకు లేదని, ఎక్కడానికి వాలు దారి కావాలని వాళ్లే చెబుతుంటే వినాలి కదా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రాయలసీమ కరువు నేలలో వికలాంగుడికి ముందు కావలసింది పింఛను, బండి, ఉద్యోగం. బొమ్మల ముచ్చట తరవాత కాదా? పింఛను విలువ నాకు తెలియక కాదు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి ఆరు వేలయింది. ఆ ఆరు వేలతోనే నెల గడిచే ఇళ్లు మన మండలంలోనూ ఉన్నాయి. 2025లో పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు అందినప్పుడు ఆ ఇళ్లలో ఎంత కలవరం రేగిందో కూడా తెలుసు. కానీ ఆలోచించండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మనిషిని ఒక అంకెగా చెబుతుంది. 40 శాతమో ఆ పైనో ఉంటే ఒక మాట, తగ్గితే ఒక మాట. ఆ అంకె వెనక ఎవరున్నారో ఊరికి తెలియకపోతే, అంకె తగ్గించినప్పుడు అడిగేవాళ్లుండరు. ఇంటి లోపలి గదిలో ఉంచి పెంచే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లను ఉరుసుకూ తీసుకుపోరు, పెళ్లికీ తీసుకుపోరు. ఊరు తనను చూడలేదు కనుక ఊరి లెక్కలో తను లేదు. కనబడటం విలాసం కాదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు తేలారు. వాళ్లలో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి సంఖ్య 22.66 లక్షలు. ఆ లెక్క తరవాత వికలాంగుల చట్టం కూడా మారింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, మరుగుజ్జుతనం, తలసీమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి గాయాలు అన్నీ అందులో ఉన్నాయి. వీళ్లందరినీ ఒక్క చక్రాల కుర్చీ బొమ్మలో ఎట్లా ఇరికిస్తాం?

ఆ 2016 చట్టంలో ఎవరూ తిరగేయని సెక్షన్ ఒకటుంది, 29వది. సాంస్కృతిక జీవితం వికలాంగుల హక్కు అని అది చెబుతుంది. వికలాంగులైన కళాకారులకు, రచయితలకు వసతులు, ఆర్థిక సాయం ఇవ్వాలి. కళను వాళ్లకు అందుబాటులోకి తేవాలి. కళల పాఠ్యక్రమాన్ని వాళ్లు పాల్గొనేలా మార్చాలి. వాళ్ల చరిత్రను చెప్పే మ్యూజియం పెట్టాలి. ఈ పని చేయవలసిన వాళ్లుగా ప్రభుత్వాలతో పాటు స్థానిక సంస్థలనూ చట్టం పేర్కొంది. అంటే దీన్ని ఢిల్లీ మీదో అమరావతి మీదో వదిలేయడానికి లేదు, మన ఊరి పాలకులకూ బాధ్యత ఉంది. చెన్నై–ముంబై రైలు మార్గంలోనే కమలాపురం స్టేషన్ ఉంది. ఆ దారిన పోయే రైళ్లలో చూపులేని గాయకులు పెట్టె పెట్టె తిరిగి పాడతారు. వాళ్ల చేతిలో పది రూపాయలు పెడతాం. వాళ్లను కళాకారులుగా మనం ఏనాడూ లెక్కించలేదు, సెక్షన్ 29 లెక్కించింది.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. బొమ్మ అంటేనే కంటికి సంబంధించింది కదా, చూపులేనివాళ్లు దాంట్లో ఏం చేస్తారు? దీనికి శాంతినికేతన్‌లో ఒక జవాబుంది. బినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే చూపు బాగా తక్కువ. ఆ చూపుతోనే నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, 1946–47లో అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్త కవుల బొమ్మలు వేశారు. 1950ల్లో కంటి ఆపరేషన్ తరవాత చూపు పూర్తిగా పోయింది. ఆయన ఆగలేదు. కాగితాలు కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు, 1972లో పలకలతో గోడబొమ్మ కట్టించారు. శిష్యుడు సత్యజిత్ రే అదే ఏడాది ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. వేళ్లే ఆయనకు కళ్లయ్యాయని తేలిగ్గా అనేయవచ్చు. నేను అట్లా అనను. ఆయనకున్నది చిత్రకారుడి బుద్ధి, అది కంటితో పాటు పోలేదు.

తడిమి చూసే బొమ్మ మన నేలకు కొత్త కూడా కాదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలును పలచగా గీకి, నగలూ చీర అంచులూ కనపడేలా సన్నని రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాల గుండా వెలుగు మెరుస్తుంది. చూపులేని పిల్లవాడి చేతికి ఆ బొమ్మ ఇచ్చి చూడండి. కిరీటం ఎక్కడ మొదలయిందో, వడ్డాణం ఎక్కడుందో ఆ రంధ్రాల వెంట వేలు పోనిచ్చి తెలుసుకుంటాడు. మన జిల్లాలోనే సురభి అనే పల్లెలో 1885లో వనారస కుటుంబం తోలుబొమ్మలాట నుంచి నాటకానికి మళ్లింది, సురభి నాటకం అట్లా పుట్టింది. పెన్న ఒడ్డున పుష్పగిరి చెన్నకేశవుడి గుడి గోడల మీద రామాయణ భారత గాథలు రాతిలో ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల తవ్వే కడప బండ మీద పేర్లు చెక్కేవాళ్లు మనకు కొదవలేదు. బొమ్మను కడప బండ మీద చెక్కి, పిల్లల చెయ్యి అందే ఎత్తులో గోడకు బిగిస్తే, చూపులేనివాళ్లకూ చూపున్నవాళ్లకూ ఒకటే బొమ్మ అవుతుంది.

కమలాపురంలో ఈ పని మొదలుపెట్టడానికి కావలసినవి చాలావరకు దగ్గర్లోనే ఉన్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి, వాళ్లకు పాఠం చెప్పే విలీన విద్య టీచర్లున్నారు. పాతిక కిలోమీటర్ల దూరంలో కడపలో 2020లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. రంగులు కలపడం, గోడ కొలవడం, వాలు లెక్కకట్టడం అక్కడి విద్యార్థులు చదువుకునే విద్యలే. వాళ్లొచ్చి నెలరోజులు ఇక్కడి వికలాంగులతో కూర్చుంటే చాలు. వాళ్ల కోసం గీయడానికి రాకూడదు, వాళ్లు గీసేటప్పుడు చెయ్యందించడానికి రావాలి. వినికిడి లేనివాళ్లున్నప్పుడు సైగ భాష తెలిసినవాళ్లను పిలవాలి. ఫ్లెక్సీలు రాకముందు మన చిన్న పట్టణాల్లో అంగడి బోర్డులు రాసి బతికినవాళ్లలో పోలియో కాళ్లవాళ్లు ఉండేవాళ్లు. కూర్చుని చేసే పని అది. యంత్రం ఆ పనిని మింగేసింది, వికలాంగులు నడిపిన ఎస్టీడీ బూత్‌ను సెల్‌ఫోన్ మింగేసినట్టు. ఆ చేతుల్లో అక్షరాల ఒడుపు ఇంకా పోలేదు. ప్రభుత్వ గోడలకు రంగులు వేయించే బిల్లులో చదరపు అడుగుకు ఇంతని కూలి ఉంటుంది, అది వాళ్లకు దక్కాలి. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వికలాంగ మహిళలకు చేతిపనుల శిక్షణా కూలీ రెండూ ఇచ్చి చూపించింది. చేసిన పనికి డబ్బు చేతికొచ్చిననాడు ఇంట్లో వాళ్ల మాట తూకం మారుతుంది.

ఆ గోడ దగ్గరికి అందరూ చేరగలగాలి. వాలు దారికి ఒక కొలత ఉంది, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అడుగున్నర అరుగు ఎక్కాలంటే పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. మన కార్యాలయాల ముందు చాలాచోట్ల నాలుగైదు అడుగుల్లోనే నిటారుగా పోసిన సిమెంటు కనిపిస్తుంది. దాని మీద మోటారు సైకిల్ ఎక్కుతుంది, మూడు చక్రాల బండి వెనక్కి జారుతుంది. నునుపు చేసిన కడప బండ పరిస్తే వాన పడ్డ రోజు చంక కర్ర నిలవదు, గరుకు బండ పరవాలి. ఇట్లాంటి ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.

ప్రధానోపాధ్యాయులకు, పంచాయతీ పెద్దలకు, ఊళ్లోని యువజన సంఘాలకు నా మనవి ఇది. వచ్చే డిసెంబర్ 3కి పోటీ విషయం మీరు ప్రకటించకండి. వారం ముందే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి పిల్లలనూ వాళ్ల అమ్మానాన్నలనూ అడగండి, ఏం గీద్దామని. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఒక వికలాంగ కళాకారుణ్ణి కూర్చోబెట్టండి. గోడకు సున్నం కొట్టేముందు, ఆ గోడ దాకా మూడు చక్రాల బండి ఒకటి తెప్పించి, దాని మనిషి చేతే నడిపించి చూడండి. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి పని మొదలుపెట్టండి.